డెల్టా బీట్స్ లేకపోతే నిద్ర పట్టట్లేదు, చిన్నప్పుడు ఫిట్స్ ఉండేవి, ఆపేయాలా అక్కా?

ఖమ్మం వైపు ఊరి నుంచి వచ్చి హైదరాబాద్‌లో పని చేస్తున్న 26 ఏళ్ళ అమ్మాయి రాసింది ఈ ఉత్తరం. చాలా పెద్దది, పేరు, ఆఫీసు తీసేసి విషయం వరకు చెప్తా. అమెరికా క్లయింట్ల సపోర్ట్ పని, సాయంత్రం ఆరున్నర నుంచి తెల్లారుజామున మూడున్నర వరకు షిఫ్ట్, క్యాబ్ దింపేసరికి నాలుగుంబావు, పడుకునేది ఐదింటికి. ఉండేది కొండాపూర్‌లో పీజీ, రూమ్‌మేట్‌ది పొద్దుటి షిఫ్ట్, ఆరున్నరకి లేచి అలారాలు, హెయిర్ డ్రయర్, ఫోన్‌లో వాళ్ళమ్మతో మాటలు. కొలీగ్ ఒకమ్మాయి "ఇది పెట్టుకుని పడుకో" అని వాన చప్పుడు కలిపిన ఎనిమిది గంటల డెల్టా బైనరల్ బీట్స్ వీడియో పంపింది, అంటే రెండు చెవుల్లో కొద్దిగా తేడా ఉన్న శబ్దాలు వినిపించి మెదడుని గాఢనిద్రలోకి దింపుతామని చెప్పేది. మొదటి నెల అద్భుతం అంట, పడుకుంటే మధ్యాహ్నం వరకు లేవలేదంట. ఇప్పుడు నాలుగో నెల. వాల్యూమ్ పెంచుకుంటూ పోతోంది, ఇయర్‌బడ్స్ చెవుల్లోనే ఉండిపోతున్నాయి, లేచేసరికి ఎడమ చెవిలో దురద, సన్నగా గుయ్‌మనే శబ్దం. ఊరెళ్ళినప్పుడు ఛార్జింగ్ అయిపోతే ఆ రాత్రంతా జాగారమే. ఆఫీసులో కూడా ఒక చెవికి క్లయింట్ హెడ్‌సెట్, రెండో చెవిలో 40 హెర్ట్జ్ (సెకనుకి 40 అలలు) గామా, అంటే ఏకాగ్రత పెంచుతుందని చెప్పే ఇంకో రకం బీట్స్, పెట్టుకుంటుంది, "ఫోకస్ బాగుంటోంది" అంటోంది. 4,999 పెట్టి ఒక ప్యాకేజీ కూడా కొన్నదంట, అందులో థైరాయిడ్‌కి ఒకటి, జుట్టు పెరగడానికి ఒకటి.

అసలు భయం తర్వాత మొదలైంది. ఒకరోజు ఆ వీడియో కింద చిన్న అక్షరాల్లో "మూర్ఛ ఉన్నవాళ్ళు వినకూడదు" అని చూసింది. తనకి తొమ్మిదేళ్ళప్పుడు ఫిట్స్ వచ్చాయి, 14 ఏళ్ళ వరకు మాత్రలు వేసుకుంది, తర్వాత డాక్టరే ఆపేశారు, మళ్ళీ రాలేదు. కానీ ఈ మధ్య రెండుసార్లు నిద్ర లేచిన కాసేపటికి చెయ్యి ఒక్కసారిగా అదిరి చేతిలో గ్లాసు జారిపోయింది. డాక్టర్ దగ్గరికి వెళ్దామంటే అమ్మ వద్దంటోంది, ఎందుకంటే పెళ్ళిచూపులు అయిపోయాయి, ఆషాఢం దాటాక నిశ్చితార్థం, ఇప్పుడు న్యూరో డాక్టర్ దగ్గరికి వెళ్ళిన సంగతి బయటికి పొక్కితే సంబంధం పోతుందని. "ఆ మాట ఇంట్లో మళ్ళీ ఎత్తకు" అన్నదంట. చివరికి అడిగింది మాత్రం ఒక్కటే: "అక్కా, ఎన్ని హెర్ట్జ్ వరకు వింటే సేఫ్?"

చెల్లీ, నీ ప్రశ్నకి హెర్ట్జ్‌లో జవాబు లేదు, నిజానికి నీ ఉత్తరంలో హెర్ట్జ్ చాలా చిన్న సంగతి. కానీ అదే అడిగావు కాబట్టి అక్కడే మొదలుపెడతా, మిగతావి దాని వెనకే వస్తాయి.

ముందు ఆ శబ్దం ఏంటో చూద్దాం. ఎడమ చెవిలో 200 హెర్ట్జ్ శబ్దం, కుడి చెవిలో 202.5 అనుకో. ఏ చెవికి ఆ చెవి వింటే రెండూ సాఫీగా సాగే హమ్‌లే. కానీ రెండు చెవుల నుంచి వచ్చిన సమాచారం మెదడు కింది భాగంలో కలిసే చోట ఒకటుంది, శబ్దం ఏ పక్క నుంచి వచ్చిందో కనిపెట్టే పని దానిది, అక్కడ ఆ తేడా సెకనుకి రెండున్నర సార్లు పెరిగి తగ్గే అలలా వినిపిస్తుంది. ఆ అల బయట గాల్లో ఎక్కడా లేదు, నీ తలలోనే పుడుతుంది. డోవ్ అనే జర్మన్ శాస్త్రవేత్త 19వ శతాబ్దంలోనే దీన్ని కనిపెట్టాడు, 1973లో జెరాల్డ్ ఆస్టర్ సైంటిఫిక్ అమెరికన్‌లో రాశాక జనంలోకి వచ్చింది. అసలు శబ్దం దాదాపు 1000 హెర్ట్జ్ లోపు ఉండాలి, రెండు చెవుల మధ్య తేడా ఓ 30 దాటకూడదు, లేకపోతే ఆ అల సరిగ్గా తెలీదు. అన్నిటికంటే ముఖ్యం, రెండు చెవులకీ వేర్వేరుగా అందాలి.

ఇప్పుడు నీ ఆఫీసు సంగతి చూడు. ఒక చెవిలో క్లయింటు, ఒక చెవిలో గామా అన్నావు కదా. ఒక్క చెవిలో పెట్టుకుంటే బైనరల్ బీటే లేదు తల్లీ! నువ్వు వింటున్నది ఉత్త హమ్. నమ్మకం లేకపోతే ఇవాళే రెండు చెవుల్లో పెట్టుకుని ఆ ఊగే శబ్దం విను, తర్వాత ఒకటి తీసెయ్, ఊగడం టక్కున ఆగిపోతుంది. పైగా 40 తేడా అంటే రెండు చెవుల్లో పెట్టుకున్నా ఆ అల స్పష్టంగా తెలియడం కష్టమే. మరి నీకు ఫోకస్ ఎలా వచ్చిందంటే, అది పెట్టుకున్నప్పుడు నువ్వు పక్కవాళ్ళ ముచ్చట్లు వినవు, ఫోన్ ముట్టుకోవు, "ఇప్పుడు పని చేయాలి" అని కూర్చుంటావు. ఆ ఫోకస్ నీదే, అనవసరంగా క్రెడిట్ గామాకి ఇచ్చావు. నేను నిన్ను వెక్కిరించట్లేదు, ఇది తెలిస్తే నీకు సగం భయం పోతుందని చెప్తున్నా, ఎందుకంటే నిద్ర సంగతి కూడా చాలావరకు ఇలాంటిదే.

మొదటి నెల ఎందుకంత బాగా నిద్రపట్టింది? ఆ వీడియోలో వాన చప్పుడుంది, అది నీ రూమ్‌మేట్ హెయిర్ డ్రయర్‌ని మింగేసింది. డెల్టా అలలు మెదడులో గాఢనిద్రప్పుడు కనిపించేవి, సెకనుకి నాలుగు లోపు, ఆ మాట నిజమే. కానీ మనిషి రాత్రంతా గాఢనిద్రలో ఉండడు. సుమారు గంటన్నరకో చుట్టు తిరుగుతుంది నిద్ర, గాఢనిద్ర ఎక్కువగా మొదటి సగంలో అయిపోతుంది, తర్వాత కలల నిద్ర పెరుగుతుంది, అప్పుడు మెదడు అలలు పూర్తిగా వేరు. అలాంటప్పుడు ఎనిమిది గంటలు ఏకబిగిన డెల్టా వాయించడంలో అర్థమేముంది చెప్పు, వీడియో ఎంత పొడుగుంటే అన్ని యాడ్స్ పడతాయి, అంతే దాని లెక్క.

అలాగని అంతా బూటకం అని కొట్టిపారేయను. 2005లో అనస్థీషియా జర్నల్లో ఒక ప్రయోగం వచ్చింది, ఆపరేషన్ ముందు కంగారు పడే వందమంది పైచిలుకు పేషెంట్ల మీద చేశారు, బైనరల్ బీట్స్ విన్నవాళ్ళకి ఆందోళన స్కోరు 26 శాతం తగ్గింది, బీట్స్ లేకుండా అదే ఆడియో విన్నవాళ్ళకి 11, ఏమీ విననివాళ్ళకి 4 దగ్గర. కాబట్టి టెన్షన్ తగ్గించడంలో ఎంతో కొంత ఉంది. కానీ "మెదడు అలలని ఆ శబ్దం లాక్కెళ్ళి తనతో కలుపుకుంటుంది" అనే మాట ఉంది చూశావా, ప్రతి వీడియోలో చెప్పేది, దాని మీద జరిగిన 14 పరిశోధనలని 2023లో ఒక సమీక్షలో చూస్తే ఐదు అవునన్నాయి, ఎనిమిది కాదన్నాయి, ఒకటి అటూ ఇటూ కాకుండా ఉంది. అదే ఏడాది పోలండ్ వాళ్ళు వెయ్యిమందితో ఇళ్ళల్లోనే వినిపించి తెలివితేటల టెస్టులు పెడితే, బీట్స్ విన్నవాళ్ళ స్కోర్లు పెరగకపోగా తగ్గాయి. నీ 40 హెర్ట్జ్ ముచ్చట నేను సీరియస్‌గా తీసుకోకపోవడానికి ఇదీ ఒక కారణం. ఇక జుట్టు పెరిగే ఫ్రీక్వెన్సీ, థైరాయిడ్ ఫ్రీక్వెన్సీ అంటావా, రీఫండ్ వస్తే అడుగు, రాకపోతే వదిలెయ్, థైరాయిడ్ ఉంటే మాత్రం మాత్ర మానకు.

మీ అమ్మ "ఇదేదో మత్తులా అలవాటైంది" అని భయపడుతోందన్నావు. ఆవిడ ఒక్కరే కాదులే, 2010లో అమెరికాలో ఓక్లహోమాలో పిల్లలు స్కూల్లో ఇలాంటివి వింటున్నారని డ్రగ్స్ అధికారులే హెచ్చరికలు చేశారు, డిజిటల్ డ్రగ్స్ అని పేపర్లు రాశాయి. నీకు జరిగింది అది కాదు. ఊయల ఊపి పడుకోబెట్టిన పిల్ల, ఊపడం ఆపగానే లేచి కూర్చుంటుంది కదా, అదే. నిద్రకీ ఆ శబ్దానికీ నీ మెదడు ముడి వేసేసింది. ముడి విప్పొచ్చు, కాకపోతే ఎప్పుడు పడితే అప్పుడు తెంపకు, ఎందుకో కింద చెప్తా.

ఇప్పుడు అసలు విషయానికి వస్తా. ఫిట్స్.

ఆ వీడియో కింద రాసిన హెచ్చరిక చాలామంది ముందు జాగ్రత్తగా పెట్టేది. మినుకుమినుకుమనే లైట్ల వల్ల కొంతమందికి ఫిట్స్ రావడం బాగా తెలిసిన విషయం, శబ్దం వల్ల రావడం చాలా అరుదు. కానీ ఫిట్స్ తెప్పించే వాటిలో ఏ న్యూరాలజిస్టుని అడిగినా ముందు వరసలో చెప్పేది నిద్ర తక్కువవడం. నువ్వు బీట్స్‌కి భయపడుతున్నావు, నేను నీ షిఫ్ట్‌కి భయపడుతున్నా. ఐదింటికి పడుకుని, రూమ్‌మేట్ గోలకి సగం లేచి, సెలవు రోజు ఊరెళ్ళి రాత్రంతా జాగారం చేసి, మళ్ళీ సోమవారం రాత్రికి డ్యూటీ. పైగా ఆ చెయ్యి అదరడం. నిద్ర పట్టే ముందు ఒళ్ళు ఉలిక్కిపడటం అందరికీ ఉంటుంది, దానికేం కాదు. నువ్వు రాసింది నిద్ర లేచాక, మెలకువలో, చేతిలోది జారిపోయేలా. అది ఏమీ కాకపోవచ్చు, నిద్రలేమి వల్ల కొంతమందికి వచ్చే ఒక రకం ఫిట్స్‌కి మొదటి సూచన కూడా కావొచ్చు. ఏది అనేది ఉత్తరంలో తేలదు, డాక్టర్ నిన్ను చూసి ఈఈజీ (మెదడు అలల్ని రికార్డు చేసే టెస్టు) తీస్తే తెలుస్తుంది. మిగతా అన్నిట్లో నీకు ఇదో దారి అదో దారి అని చెప్తా గానీ, ఈ ఒక్క అపాయింట్‌మెంట్ విషయంలో రెండో దారి నాకు కనపడట్లేదు. ఈలోపు స్కూటీ పక్కన పెట్టు, బాత్‌రూమ్ తలుపుకి లోపల గడియ పెట్టుకోకు.

డాక్టర్‌ని కలిసేదాకా బీట్స్ ఏం చేయాలి అంటే, రెండు రకాలుగా చేయొచ్చు. ఒకటి, పూర్తిగా ఆపడం. భయం పోతుంది, కానీ రెండు మూడు రోజులు నిద్ర పాడవుతుంది, నీకు నిద్ర పాడవడమే ఎక్కువ రిస్క్ అని ఇప్పుడే చెప్పా కదా, కాబట్టి ఆపితే వరసగా రెండు రోజులు సెలవున్నప్పుడు ఆపు, బీట్స్ బదులు ఉత్త వాన చప్పుడో ఫ్యాన్ చప్పుడో స్పీకర్‌లో మంచానికి దూరంగా పెట్టు. నా అంచనా, నీకు కావాల్సింది ఆ చప్పుడే, బీట్ కాదు, వారంలో నీకే తేలిపోతుంది. రెండోది, మెల్లగా తగ్గించడం, అంటే ఫోన్‌లో స్లీప్ టైమర్ పెట్టి మొదట గంటకి, తర్వాత అరగంటకి ఆగిపోయేలా చూసుకోవడం, వాల్యూమ్ రోజుకో గీత దించడం. ఇది తేలిక, కానీ బీట్స్ వింటున్నానే అన్న బెంగ లోపల ఉంటుంది, ఆ బెంగతో నిద్ర పట్టకపోతే చేసిందంతా దండగ. నీ స్వభావం ఉత్తరంలో కనపడినంతవరకు మొదటిదే నీకు నయమనిపిస్తోంది. ఏదైనా సరే, ఐసోక్రోనిక్ టోన్స్ అని టక్‌టక్‌మని కొట్టేవి ఉంటాయి, హెడ్‌ఫోన్స్ అక్కర్లేదంటారు, వాటికి మాత్రం డాక్టర్ చెప్పేదాకా మారకు.

డాక్టర్ "పర్లేదు, వినుకో" అన్నాక వినాలనిపిస్తే అప్పుడు వినే పద్ధతి చెప్తా. పడుకునే ముందు ఇరవై, ముప్పై నిమిషాలు, కూర్చుని గానీ వాలి గానీ, కళ్ళు మూసుకుని. ఎడమది ఎడమకి, కుడిది కుడికి, ఫోన్ సెట్టింగ్స్‌లో మోనో ఆడియో ఆన్‌లో ఉంటే ఆఫ్ చెయ్, లేకపోతే రెండు శబ్దాలూ కలిసిపోయి రెండు చెవులకీ ఒకటే వస్తుంది. డౌన్‌లోడ్ చేసుకుని విను, లేకపోతే కన్ను మూత పడే టైమ్‌కి నగల షాపు యాడ్ వచ్చి గుండె గుభేలుమంటుంది. వాల్యూమ్ ఎంత అంటే, పక్క మంచం మీద నుంచి రూమ్‌మేట్ మామూలుగా పిలిస్తే వినపడాలి. పెద్దవాళ్ళకి వారానికి 80 డెసిబెల్స్ దగ్గర 40 గంటలు అని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క, మూడు డెసిబెల్స్ పెరిగితే ఆ టైమ్ సగమైపోతుంది. నువ్వు నిద్రలో ఏడు గంటలు, ఆఫీసులో ఇంకొన్ని గంటలు, వారానికి ఎంతవుతుందో నువ్వే లెక్కేసుకో. నిద్ర పట్టాక చెవిలో ఇయర్‌బడ్స్ ఉండకూడదు. బండి మీద, క్యాబ్ దిగి నడిచేటప్పుడు అస్సలు వద్దు, నిద్ర తెప్పించడానికి తయారుచేసింది రోడ్డు మీద పనిచేస్తే ఎలా.

నిద్రకి బీట్స్ కంటే గట్టి ఉపాయాలున్నాయి, అవి బోర్ కొడతాయి కాబట్టి ఎవరూ వీడియో చేయరు. కిటికీకి మందపాటి నల్ల కర్టెన్. టీ, కాఫీ చివరిది రాత్రి పదకొండు లోపు, ఒంటిగంటకి మిషన్ కాఫీ తాగితే అందులో సగం ఆరింటికి కూడా నీ రక్తంలో తిరుగుతూనే ఉంటుంది. పడుకుని ఇరవై నిమిషాలైనా పట్టకపోతే లేచి మసక వెలుతురులో కుర్చీలో కూర్చో, మంచం మీద దొర్లుతూ ఫోన్ చూడకు, కునుకు వచ్చినప్పుడే మళ్ళీ ఎక్కు. నిద్రలేమికి మందులకంటే ముందు డాక్టర్లు సూచించే థెరపీలో ఇదొక ముక్క. పీజీలో ఇంకో నైట్ షిఫ్ట్ అమ్మాయితో రూమ్ మార్చుకోవడం కుదురుతుందేమో వార్డెన్‌ని అడుగు, నాకైతే నీ సమస్యలో సగం ఆ ఆరున్నర అలారమే అనిపిస్తోంది. షిఫ్ట్ మార్చమని అడగాలంటే డాక్టర్ లెటర్ పనికొస్తుంది, కానీ హెచ్ఆర్‌కి సంగతి తెలుస్తుంది, అలవెన్స్ పోవచ్చు. లెటర్‌లో జబ్బు పేరు లేకుండా "రాత్రి డ్యూటీ సరిపడదు" అని రాయమని డాక్టర్‌ని అడగొచ్చు.

పెళ్ళి సంగతి. మీ అమ్మని నేను తప్పు పట్టను, మన ఊళ్ళల్లో ఫిట్స్ అన్న మాట వినపడితే పిల్లని ఎలా చూస్తారో ఆవిడకి తెలుసు. చట్టం కూడా ఒకప్పుడు అలాగే చూసేది, హిందూ వివాహ చట్టంలో మూర్ఛని పెళ్ళికి అడ్డుగా రాశారు, 1999లో తీసేశారు. అంటే ఇప్పుడు ఆ జబ్బు పెళ్ళికి అడ్డు కాదు. కానీ దాచిపెట్టి చేశారన్న గొడవ వేరు, అది కోర్టు దాకా లాగేవాళ్ళూ ఉంటారు. చెప్తే ఈ సంబంధం పోవచ్చు, అది నిజం, పోదని నేను హామీ ఇవ్వలేను. చెప్పకపోతే నిశ్చితార్థం సజావుగా జరుగుతుంది, తర్వాత ఏ రోజైనా మాత్రలు వాడాల్సొస్తే అత్తారింట్లో దాచుకుని మింగాలి, దాస్తూ మిస్సయిన మాత్ర ఫిట్స్ తెచ్చే ఇంకో కారణం. మధ్యలో ఇంకో దారుంది, ముందు డాక్టర్‌ని కలువు, ఏమీ లేదని తేలితే "చిన్నప్పుడు ఉండేది, 14 ఏళ్ళకి మందులు ఆపేశారు, ఇప్పుడు టెస్టు చేయించాం, బాగుంది" అని చెప్పడానికి చేతిలో కాగితం ఉంటుంది. ఉందని తేలినా సరే పెళ్ళికి ముందు తెలియడమే నీకు మేలు, ఫిట్స్ మాత్రల్లో వాల్‌ప్రోయేట్ లాంటివి కడుపులో బిడ్డకి మంచివి కావు, పిల్లలు కనే వయసు ఆడవాళ్ళకి డాక్టర్లు ముందే ఆలోచించి వేరేవి రాస్తారు. అబ్బాయికి నువ్వు నేరుగా చెప్తావా, పెద్దవాళ్ళతో చెప్పిస్తావా అనేది అతనితో నీకున్న చనువుని బట్టి. అతనితో ఫోన్‌లో మాట్లాడుతున్నట్టు రాశావు గానీ, ఎలాంటి మనిషి అనిపించాడో ఒక్క ముక్క కూడా రాయలేదు.

అమ్మకి ఏం చెప్పాలి అంటావేమో. అబద్ధం ఆడక్కర్లేదు, అంతా ఇప్పుడే చెప్పక్కర్లేదు కూడా. "చెయ్యి అదురుతోందమ్మా, నిద్ర లేదు, చూపించుకుంటున్నా" అను. ఖమ్మంలో ఎవరో చూస్తారనే కదా ఆవిడ భయం, హైదరాబాద్‌లో నిమ్స్ లాంటి చోట న్యూరాలజీ ఓపీలో ఆ జనంలో నిన్నెవరు పట్టించుకుంటారు. పాత మందుల చీటీలు అమ్మ బీరువాలో ఉండే ఉంటాయి, అవి మాత్రం కావాలి, ఎప్పుడు ఏ మాత్ర వాడావు, ఎందుకు ఆపారు అన్నది డాక్టర్ మొదట అడుగుతారు. చెయ్యి అదిరిన రోజులు, ఆ ముందు రోజు ఎంతసేపు పడుకున్నావో ఫోన్‌లో రాసుకుని తీసుకెళ్ళు. బీట్స్ సంగతి కూడా దాచకుండా చెప్పు, నవ్వితే నవ్వనీ.

రూమ్‌మేట్‌కి ఒక్క మాట చెప్పి పెట్టు. ఎప్పుడైనా నువ్వు పడిపోతే పక్కకి తిప్పి పడుకోబెట్టాలి, తల కింద మెత్తగా ఏదైనా పెట్టాలి, నోట్లో చెంచా పెట్టకూడదు, నీళ్ళు పోయకూడదు, చేతిలో తాళాల గుత్తి పెడితే ఆగుతుందనేది ఉత్తమాట. ఐదు నిమిషాలు దాటినా ఆగకపోతే 108. ఆ పిల్ల భయపడుతుందని చెప్పడం మానకు, చెప్పకపోతే ఆ రోజు ఇంకా భయపడుతుంది. బెంగతో మనసు మరీ బరువుగా ఉంటే 14416 టెలీమానస్ నంబర్ ఉంది, తెలుగులో మాట్లాడతారు, డబ్బులు కట్టక్కర్లేదు.

చెవి సంగతి వేరే డాక్టర్‌ది, ఈఎన్‌టీ. రాత్రంతా ఇయర్‌బడ్స్ ఉంటే గులిమి లోపలికి నెట్టుకుపోతుంది, చెమటకి తేమ పట్టి ఫంగస్ కూడా వస్తుంది, దురద అందుకే అయ్యుండొచ్చు, శుభ్రం చేసి చుక్కల మందు రాస్తే చాలావరకు తగ్గిపోతుంది. ఒక్క చెవిలోనే గుయ్‌మంటోంది అన్నావు కాబట్టి వినికిడి టెస్ట్ కూడా చేయించమని అడుగు, ఆ చెవికి ఉన్నట్టుండి వినపడటం తగ్గితే మాత్రం వారం ఆగకుండా ఆ రోజే వెళ్ళు. అప్పటిదాకా ఆ చెవిలో ఇయర్‌బడ్ పెట్టకు, కాటన్ బడ్స్ తిప్పకు, మీ అమ్మ గోరువెచ్చని నూనె పోస్తానంటే పోయించుకోకు.